గర్భిణీ స్త్రీల థైరాయిడ్ వ్యాధి: కొత్త యంత్రమునకు తగిన చోటు

వైద్యశాలలకు నేడొక కొత్త యంత్రము వచ్చుచున్నది. పెద్ద కళ్ళజోడు వలె దానిని ముఖమునకు తొడుగుకొన్నచో ఎదుటనున్న గోడ, మంచము, మందుల బల్ల మాయమై, సముద్రతీరమో, పూలతోటయో, మానవ శరీరము లోపలి భాగమో కన్నుల ముందు నిలుచును. తల యెటు త్రిప్పిన అటు ఆ దృశ్యమును తిరుగును. దీనికి వర్చువల్ రియాలిటీ యని పేరు. లేనిదానిని ఉన్నట్లు చూపు విద్య గనుక తెలుగున కల్పిత వాస్తవమని చెప్పుకొనవచ్చును. గర్భిణీ స్త్రీల వైద్యమునందు, అందును థైరాయిడ్ వ్యాధి గల గర్భిణుల సేవయందు, దీనిని వినియోగింపవలెనను మాట ఇప్పుడు వినవచ్చుచున్నది. కొందరు దీనిని సర్వరోగ నివారిణి వలె పొగడుచున్నారు. మరికొందరు ధనవంతుల ఆటబొమ్మ యని త్రోసివేయుచున్నారు. రెండును తొందరపాటు మాటలే యని నా అభిప్రాయము. ఏ పని చేయవలసియున్నదో తెలిసిన పిమ్మట గదా పనిముట్టు మంచిచెడ్డలు తేలుట! కావున ముందుగా వ్యాధిని గూర్చి తెలిసికొందము.

గ్రంథి చిన్నది, పని పెద్దది

కంఠము ముందు భాగమున సీతాకోకచిలుక ఆకారములో నుండు చిన్న అవయవము థైరాయిడ్ గ్రంథి. పాఠశాల పుస్తకములలో దీనినే అవటు గ్రంథి యందురు. మనము తిను ఆహారములోని అయోడిన్‌ను గ్రహించి ఇది థైరాక్సిన్ అను హార్మోనును తయారుచేసి రక్తములో కలుపును. శరీరములోని ప్రతి కణము ఎంత చురుకుగా పనిచేయవలెనో నిర్ణయించునది ఈ హార్మోనే. ఇది తక్కువైనచో అలసట, మందకొడితనము, మలబద్ధకము, చలికి తాళలేకపోవుట కలుగును. ఎక్కువైనచో గుండెదడ, చేతుల వణుకు, చెమటలు, బరువు తగ్గుట కలుగును.

స్త్రీ గర్భవతి యైనపుడు ఈ హార్మోను అవసరము సుమారు 30 నుండి 50 శాతము వరకు పెరుగును. కారణము స్పష్టము. మొదటి నెలలలో కడుపులోని బిడ్డకు సొంత గ్రంథి పనిచేయదు. సుమారు 12వ వారమునకు పని ఆరంభించినను, తన అవసరమునకు చాలినంత హార్మోనును 18, 20 వారముల వరకు అది తయారుచేసికొనలేదు. అంతవరకు బిడ్డ మెదడు పెరుగుటకు తల్లి రక్తమునుండి మాయ ద్వారా వచ్చు థైరాక్సినే ఆధారము. తల్లివద్దనే కొరత యున్నచో బిడ్డకు చేరునది ఏమి? గర్భస్రావము, నెలలు నిండని కాన్పు, రక్తపు పోటు, బిడ్డ తూకము తగ్గుట, తీవ్రమైన కొరతలో బుద్ధిమాంద్యము, ఇవన్నియు ఈ లోపము వలన రాగల కష్టములు.

1999లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రమునుండి వెలువడిన ఒక పరిశోధన వైద్యలోకము దృష్టి నాకర్షించెను. గర్భకాలమున థైరాయిడ్ కొరత యుండియు చికిత్స పొందని తల్లుల పిల్లలు, 7 నుండి 9 ఏండ్ల వయసున, బుద్ధిబల పరీక్షలలో ఇతర పిల్లలకంటె సగటున 7 అంకెలు వెనుకబడియుండిరి. కొరత స్వల్పముగా నున్న తల్లులకు చికిత్స చేయుటవలన పిల్లల తెలివితేటలు పెరుగునా యని బ్రిటన్, ఇటలీ దేశములలో జరిపిన పెద్ద పరీక్ష ఫలితములు 2012లో వెలువడెను. అందు చెప్పుకోదగిన భేదము కనబడలేదు. కావున స్వల్పమైన కొరత విషయమున వైద్యులలో చర్చ యింకను కలదు. తీవ్రమైన కొరతకు మాత్రము తప్పక చికిత్స చేయవలెననుటలో భేదాభిప్రాయము లేదు.

ఈ వ్యాధిలో నొక చిక్కు కలదు. అలసట, మలబద్ధకము, బరువు పెరుగుట సాధారణ గర్భిణికిని ఉండునవే. “చూలాలికి ఇవన్నియు మామూలే” యని ఇంటివారు, ఒక్కొక్కప్పుడు వైద్యులును, సరిపెట్టుకొందురు. ముఖము చూచి ఈ వ్యాధిని గుర్తింపవలనుపడదు. టి.ఎస్.హెచ్. అను రక్తపరీక్షయే దారి. పీయూష గ్రంథి పంపు ఈ హార్మోను హెచ్చినచో థైరాయిడ్ గ్రంథి వెనుకబడుచున్నదని సాధారణముగా గ్రహింపవలెను. 2014లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ విడుదల చేసిన మార్గదర్శకములలో, మున్ను థైరాయిడ్ వ్యాధి గాని గళగండము గాని ఉన్నవారు, కుటుంబములో ఆ వ్యాధి యున్నవారు, గర్భస్రావములు జరిగినవారు, స్థూలకాయము గలవారు, అయోడిన్ కొరత గల ప్రాంతములవారు మొదలగు గర్భిణులకు ఈ పరీక్ష చేయింపవలెనని సూచింపబడినది.

చికిత్స ఖరీదైనది కాదు. శరీరము తానే తయారుచేయు హార్మోనును పోలిన లెవోథైరాక్సిన్ మాత్రను ప్రతి ఉదయము పరగడుపున వేసికొనుట, నాలుగు నుండి ఆరు వారముల కొకసారి రక్తమును పరీక్షించి మోతాదును సరిచేయుట, ఇంతే. వినుటకు సులభము. ఆచరణలో నిది ఎచ్చట తప్పుచున్నదో చూచినగాని కొత్త యంత్రము యొక్క ఉపయోగము తెలియదు.

మూడు మాత్రల తగవు

మన దేశమున గర్భిణికి ఇనుము, ఫోలిక్ ఆమ్లము గల మాత్రలను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగా నిత్తురు. నాలుగవ నెల మొదలు కాల్షియం మాత్రలును ఇత్తురు. రెండును మేలైనవే, మానరానివే. కాని థైరాయిడ్ మాత్రతోపాటు వీనిని మ్రింగినచో, ఇనుము, కాల్షియం ఆ మాత్రలోని మందును ప్రేగులలోనే పట్టియుంచి రక్తములో చేరనీయవు. అందుచే థైరాయిడ్ మాత్రకును వీనికిని కనీసము నాలుగు గంటల ఎడముండవలెను. ఇనుమును కాల్షియంను గూడ ఒకేసారి వేసికొనరాదు. థైరాయిడ్ మాత్ర వేసికొన్న పిదప కనీసము అరగంట వరకు కాఫీ, టీ, పలహారము పనికిరావు.

పల్లెటూరి ఇంటిలో తెల్లవారుజామున లేచి, వాకిలి ఊడ్చి, పొయ్యి ముట్టించి, పొలము పనికి పోవలసిన చూలాలిని తలచుకొనుడు. ఆమె చేతికి మూడు రకముల మాత్రలిచ్చి “రోజూ వేసికొనుము” అని ఒక్క మాట చెప్పి పంపినచో, మరచిపోకుండుటకై ఆమె మూడింటిని కలిపి ఒక్క గ్రుక్కలో మ్రింగును. అది ఆమె తప్పు కాదు, వివరముగా చెప్పనివారి తప్పు. తరువాతి పరీక్షలో టి.ఎస్.హెచ్. తగ్గలేదని మోతాదు పెంచుదురు. కారణము మోతాదులో లేదు, గడియారములో నున్నది.

ఇంకొక చిక్కు. మొదటి కాన్పుకు ఆడపిల్లను ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో పుట్టింటికి తీసికొనిపోవుట మన ఆచారము. ఆమెతో చీరలు, సారె వెళ్ళును గాని పరీక్ష కాగితము వెళ్ళదు. అక్కడి నర్సునకు ఆమె వ్యాధి తెలియదు. “మందు వేడి చేయును, బిడ్డకు మంచిది కాదు” అని పెద్దలలో నొకరు మాత్రను మాన్పించుటయు కలదు. నిజమునకు, తగిన మోతాదులో నిచ్చిన ఈ మందువలన గర్భమునకు హాని లేదు, పాలిచ్చు తల్లియు దీనిని వాడవచ్చును. మానుటవలననే హాని.

యంత్రము చేయగల మేలు

ఈ చిక్కులలో వేనిని కల్పిత దృశ్య యంత్రము తీర్పగలదు? మొదట బోధనను చెప్పవలెను. కంటికి కనబడని గ్రంథిని, కడుపులోని బిడ్డ మెదడునకు తల్లి రక్తమునుండి హార్మోను చేరు విధమును, ఇనుము కలిసినపుడు మాత్ర వ్యర్థమగుటను ఈ యంత్రము పది నిమిషములలో కన్నులకు కట్టినట్లు చూపగలదు. చదువురాని స్త్రీకి కరపత్రముకంటె ఇది మేలు. ఏ.ఎన్.ఎం.లకు, ఆశా కార్యకర్తలకు శిక్షణ నిచ్చుటలో ఇది మరింత ఉపకరించును. అనుమానింపవలసిన లక్షణములను, గర్భిణితో మాటలాడు తీరును, ప్రసవ సమయమున వచ్చు అపాయములను నిజమైన రోగికి హాని లేకుండ మరల మరల అభ్యసింపవచ్చును.

రెండవది భయమును, నొప్పిని తగ్గించుట. ఈ విషయమున కొంత అనుభవము కలదు. అమెరికాలోని సియాటిల్ నగరమున 1990 దశకమునందే, కాలిన గాయములకు కట్లు మార్చునపుడు రోగులకు కల్పిత దృశ్యములను చూపి నొప్పి తగ్గుటను గమనించిరి. 2021లో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ, దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇతర చికిత్సలతో పాటు వాడుటకై ఇట్టి పరికరమొకదానిని అనుమతించెను. ప్రసవవేదనలోను దీనిని పరీక్షించి కొంత ఉపశమనము కలదని చెప్పిరి. కాని అవి కొలదిమంది స్త్రీలతో జరిపిన చిన్న పరీక్షలు.

యంత్రము చేయలేనిది, చేయరానిది

ఇక రెండవ ప్రక్క చూడవలెను. ఈ కళ్ళజోడు రక్తములో ఒక్క చుక్క థైరాక్సిన్‌ను కలుపలేదు. టి.ఎస్.హెచ్. ఎంతయో చెప్పలేదు. ఇది చికిత్స కాదు, చికిత్సకు తోడు మాత్రమే. ఈ భేదమును మరచినచో అపాయము కలదు. ఒక గర్భిణి గుండెదడయని, చేతులు వణకుచున్నవని, నిద్ర పట్టదని చెప్పినదనుకొందము. తొలిచూలు భయమని తలచి ఆమెకు కళ్ళజోడు తొడిగి ప్రశాంతమైన సరస్సును చూపితిమి. ఆమెకు కొంత ఊరట కలిగినది, మనకు తృప్తి కలిగినది. కాని ఆ గుండెదడ థైరాయిడ్ హార్మోను హెచ్చుట వలన వచ్చినదైనచో? దానికి వేరే మందులు కలవు. వానిలో కొన్నింటిని మొదటి మూడు నెలలలో వాడరాదు. రేడియో అయోడిన్ చికిత్స గర్భిణికి ఎన్నడును చేయరాదు. ఇట్టి సూక్ష్మములు గల వ్యాధిని అందమైన దృశ్యము కప్పివేయరాదు. రక్తపరీక్ష ముందు, ఊరట తరువాత.

పరికరమునకు సొంత దోషములును లేకపోలేదు. కన్నులకు కదలిక కనబడుచుండగా దేహము నిశ్చలముగా నుండుటచే కొందరికి తల త్రిప్పుట, వికారము కలుగును. వేవిళ్ళతో బాధపడు స్త్రీకి ఇది గోరుచుట్టుపై రోకటిపోటు. గర్భిణులు వైద్యుని సలహా పొందిన పిమ్మటనే వాడవలెనని తయారీదారులే హెచ్చరికలలో వ్రాయుచున్నారు. మూర్ఛ వ్యాధి గలవారికి దీనిని వాడరాదు. తొడుగుకొన్న స్త్రీ నిలుచుండక కూర్చుండవలెను, ప్రక్కన ఒకరుండవలెను. ఒకరి ముఖమునుండి తీసి మరియొకరికి తొడుగుటకు ముందు ప్రతిసారియు శుభ్రపరుపవలెను.

వీనికన్న పెద్ద లోపమొకటి నాకు తోచుచున్నది. ఈ యంత్రము ఒక్కరి కన్నులనే మూయును. మన ఇండ్లలో గర్భిణి యేమి తినవలెనో, ఎప్పుడు ఆసుపత్రికి పోవలెనో, ఏ మందు మానవలెనో నిర్ణయించునది ఆమె ఒక్కతె కాదు. అత్తగారు, భర్త, తల్లి, ఒక్కొక్కప్పుడు ఇరుగుపొరుగు గూడ. కోడలు కళ్ళజోడులో అంతయు చూచి, నేర్చి, ఇంటికి పోయినపిదప “ముందు కాఫీ త్రాగి పని చూడుము, మాత్ర తరువాత” అని పెద్దలన్నచో ఆ పాఠము అక్కడితో సరి. కావున కళ్ళజోడులో చూపు కథనే గోడమీద తెరపై ఇంటివారందరికి చూపవలెను, చేతిలోని ఫోనులోను చూచుకొనునట్లు చేయవలెను. ఆ కథ ఆమె మాటలాడు భాషలో, ఆమె ఇంటిని పోలిన ఇంటిలో జరుగవలెను. పరదేశపు వంటగదిలో, పరభాషలో చూపిన బోధ ఎంత రమ్యమైనను మన చూలాలి మనస్సునకు ఎక్కదు.

కాంగ్డా లోయ నేర్పిన పాఠము

మన దేశమునందు థైరాయిడ్ వ్యాధిపై గెలిచిన పెద్ద యుద్ధమేది? అది ఉప్పుతో గెలిచినది. 1956లో, అప్పటి పంజాబు రాష్ట్రమునందుండిన కాంగ్డా లోయలో డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, వారి సహచరులు ఒక పరిశోధన ఆరంభించిరి. శ్రీకాకుళమున జన్మించి విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన ఈయన తెలుగువారికి గర్వకారణమైన శాస్త్రవేత్త. గళగండము విపరీతముగా నున్న ఆ లోయను మూడు భాగములు చేసిరి. రెండు భాగములవారికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒక భాగమువారికి మామూలు ఉప్పును పంపిరి. కొన్ని సంవత్సరములకు అయోడిన్ ఉప్పు తిన్నవారిలో గళగండము బాగుగా తగ్గెను. అనుమానమునకు తావులేక రుజువైన పిమ్మట మూడవ భాగమునకును ఆ ఉప్పునే ఇచ్చిరి. 1962లో దేశమంతటికి జాతీయ గళగండ నివారణ కార్యక్రమము వచ్చెను. అయోడిన్ కలుపని ఉప్పును తినుటకై విక్రయించుట 2006 మే 17 నుండి దేశమంతట నిషిద్ధము.

ఈ చరిత్రలో రెండు పాఠములు కలవు. మొదటిది, గొప్ప మేలు గొప్ప ఖర్చుతోనే రావలెనను నియమము లేదు. నేటికిని గర్భిణికి రోజునకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. వంటింటిలోని అయోడిన్ ఉప్పు మూతగల డబ్బాలో తడి తగులకుండ నుండుట, అయోడిన్ కలుపని సైంధవ లవణమునకే అలవాటు పడకుండుట ఏ యంత్రముకన్నను తక్కువవి కావు. రెండవది, మేలు జరుగునని నమ్మినవారే దానిని మామూలు పద్ధతితో పోల్చి రుజువు చేసిరి. కొత్త కళ్ళజోడునకును అదే పరీక్ష పెట్టవలెను.

ఎట్లు? ఒక జిల్లాలో కొన్ని ఆరోగ్య కేంద్రములకు ఈ యంత్రము నిచ్చి, మిగిలిన కేంద్రములలో బొమ్మల పటముతో, గడియారపు చిత్రముతో, ఓపికగల నర్సు మాటలతో అదే బోధ చేయవలెను. కొన్ని నెలల పిమ్మట లెక్కింపవలసినది ఎందరు కళ్ళజోడు తొడుగుకొనిరని కాదు. మాత్రను పరగడుపున వేసికొనుచున్నవారు ఎందరు? ఇనుపు మాత్రకు ఎడము పాటించుచున్నవారు ఎందరు? ఎందరికి టి.ఎస్.హెచ్. తగిన హద్దులోనికి వచ్చినది? పుట్టింటికి పోయిన పిదప ఎందరు మందు మానలేదు? యంత్రము గల కేంద్రములు ఇందు ముందున్నచో యంత్రమును సంతోషముతో స్వాగతింపవలెను. బొమ్మల పటమే సరిపోయినచో ఆ ధనమును రక్తపరీక్షలకు మరల్పవలెను.

ఏది ముందు, ఏది వెనుక

నా అభిప్రాయమును సూటిగా చెప్పెదను. గర్భిణి మొదటిసారి వచ్చిననాడే రక్తము తీసి, కొలది దినములలో ఫలితము చెప్పగల ఏర్పాటు ముందు కావలెను. మాత్ర యెడతెగక దొరకవలెను. పుట్టింటికైనను అత్తవారింటికైనను ఆమెతో ప్రయాణము చేయు వివరముల పుస్తకము ఉండవలెను. పుట్టిన శిశువు మడమనుండి రక్తపుచుక్క తీసి థైరాయిడ్ లోపమును పరీక్షించు అలవాటు విస్తరింపవలెను. శిశువునకు లోపమున్నచో మొదటి రెండు వారములలో చికిత్స ఆరంభించుట వలన మెదడును కాపాడవచ్చును. ఇవి కలిగిన చోట కళ్ళజోడు ఈ పనులకు బలము చేకూర్చును. ఇవి లేనిచోట అది గోడలు లేని ఇంటికి వేసిన రంగు వంటిది.

గర్భిణులకును వారి ఇంటివారికిని నా మనవి యిది. నెల తప్పినదని తెలియగనే ఆరోగ్య కేంద్రమునకు పొండు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ కేంద్రములలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగును. మీకుగాని మీ రక్తసంబంధులకుగాని థైరాయిడ్ వ్యాధి ఉన్నచో, ఇదివరకు గర్భము నిలువకపోయియున్నచో, వారు అడుగకముందే మీరే చెప్పుడు. ఇదివరకే థైరాయిడ్ మాత్ర వాడుచున్నచో మానవలదు. గర్భము వచ్చినదని తోచగనే వైద్యుని కలియుడు. మోతాదు సాధారణముగా పెంచవలసి యుండును. మాత్రను నిద్ర లేవగనే మంచినీటితో వేసికొని, ఇనుము, కాల్షియం మాత్రలను మధ్యాహ్నమునకు, రాత్రికి వేరువేరుగా ఉంచుకొనుడు.

ఆసుపత్రిలో మీకు కల్పిత దృశ్యముల కళ్ళజోడు చూపినచో నిర్భయముగా చూడుడు. తల తిరిగినచో వెంటనే తీసివేయుడు. చూచిన పిమ్మట ఒక్క ప్రశ్న అడుగుట మరువకుడు: “నా రక్తపరీక్ష ఫలితము ఎప్పుడు వచ్చును?” ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పగల ఆసుపత్రియే కొత్త యంత్రమునకు తగిన చోటు.